రెండవ సిలిండరుకు జరిగిన అన్యాయం

నాగరికత నిప్పుతో మొదలైందని కొందరూ, చక్రంతో మొదలైందని కొందరూ వాదిస్తారు. నిప్పునూ చక్రాన్నీ ఒకచోట చేర్చి దాని మీద బతుకు నడుపుకొనే రైల్వేవారి అభిప్రాయం వేరు. నాగరికత విచారణ సంఘంతో మొదలైందని వారి విశ్వాసం. ఏదైనా చెడిపోతే అడవి మనిషి దాన్ని బాగుచేసుకొని తన దారిన తాను పోయేవాడు. నాగరికుడు అలా తొందరపడడు. ఎవరివల్ల చెడిందో తేలేవరకు చెడినదాన్ని చెడినట్టే కాపాడతాడు.

ఈ సిద్ధాంతం పందొమ్మిదివందల డెబ్బై ఎనిమిది వానాకాలంలో, ఉక్కు కర్మాగారాల ఊరి పక్కన తెలుగు రైల్వే కుటుంబాలు చేరిన పర్సుడీహ్‌లోని ఒక రైల్వే క్వార్టరు పెరట్లో, ఒక పాత కారు ఇంజను మీద సంపూర్ణంగా రుజువైంది. రుజువు చేసినవారు గణపతిరావుగారు. రుజువు జరిగినన్నాళ్ళూ ఇడ్లీ రేకులు లేకుండా సంసారం నడిపినది ఆయన భార్య కాంతం.

గణపతిరావుగారు విచారణల సెక్షనులో పెద్ద గుమాస్తా. ఎక్కడ ఏ పొరపాటు జరిగినా, పెద్దలు కూర్చొని తేల్చినదాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో శుభ్రప్రతి రాయడం ఆయన ఉద్యోగం. ఇతరుల తప్పులను ఇంత దగ్గరగా, ఇన్నేళ్ళుగా చూసినవాడు తాను తప్పు చేయడం అసాధ్యమని ఆయన నమ్మకం. (ప్రసూతి ఆసుపత్రి గుమాస్తాకు పురిటి నొప్పులు రావు కదా. ఇంచుమించు అదే న్యాయం.)

కారు ఆయనది కాదు, మామగారు సీతారామరావుగారిది. సీతారామరావుగారు ఆవిరి ఇంజను నడిపి, పేరు తెచ్చుకొని, రిటైరై పలాస చేరినవారు. ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో కొడుకును ఎన్నోసార్లు ఇంజను ఎక్కించుకున్నారు. కూతురు కాంతాన్ని మాత్రం ఎక్కించుకోలేదు. ఇంజను మీదికి ఆడపిల్లలు ఎక్కరాదని ఏ నియమంలోనూ లేదు. అలాంటి కోరిక ఒకరికి పుడుతుందని నియమాలు రాసినవారికి తోచకపోవడమే కారణం. పట్టాల పక్కన నిలబడి ఏడుస్తున్న కూతురికి సీతారామరావుగారు ఒక మాట ఇచ్చారు: "ఊరుకోయే అమ్మా. నాను సొంత బండి కొంతాను. దానికి నువ్వే డ్రైవరువి."

ఆయన బండి కొన్నారు. అప్పటికి కాంతానికి పెళ్ళయింది. కాంతం కాపురం పర్సుడీహ్‌లో కుదుటపడేసరికి బండి ఆగిపోయింది. రిటైరై పలాస వెళ్తూ సీతారామరావుగారు దాన్ని కూతురి ఇంట వదిలారు. అప్పటినుండి అది పెరట్లో టార్పాలిన్ కప్పుకొని, బొప్పాయి చెట్టు కింద కూర్చుంది. కాంతం రోజూ దానికి ఎదురుగానే గిన్నెలు తోమేది. తోమిన గిన్నెలు ఆరబెట్టేటప్పుడు, ఎవరూ చూడకుండా, ఒకసారి డోరు తీసి వేసేది. డోరు ఇంకా బాగానే పడుతున్నదని తెలుసుకోవడానికి మాత్రమే.

ఆ ఏడు పలాసనుండి కబురు వచ్చింది. తెచ్చినవాడు పక్క క్వార్టరు సన్యాసిరావు. ఆయన గూడ్సు బండికి గార్డు.

"విశ్వకర్మ పూజ నాటికి మీ నాన్న వత్తన్నాడమ్మా," అన్నాడు సన్యాసిరావు వాకిట్లోనే నిలబడి. "అప్పటికి బండి కదిలితే కాంతానిదే, నానే దగ్గరుండి నేర్పుతానన్నాడు. కదలకపోతే గమ్హరియా తుక్కుకొట్టుకి ఇచ్చేత్తానన్నాడు. పెరట్లో శవాన్ని అట్టేపెట్టుకోకూడదంట."

కాంతం చేతిలోని చేట పక్కన పెట్టింది. "శవమేటన్నయ్యా, అది నిద్దరోతంది!" అంది.

గణపతిరావుగారు ఈ కబురును ఒక శాఖాపరమైన ఆదేశంగా స్వీకరించారు. సాయంత్రానికి ఒక సంఘం ఏర్పడింది. అధ్యక్షులు తామే. యంత్ర విభాగానికి లోకోషెడ్డు ఫిట్టరు జగ్గారావు, అంటే రెండో పక్క క్వార్టరువాడు. రక్షణ విభాగానికి సన్యాసిరావు. (గార్డు పెట్టె రైలు చివర ఉంటుంది. ఆ లెక్కన సన్యాసిరావు జీవితమంతా ఇంజనుకు వీలైనంత దూరంగా గడిపాడు. నిష్పాక్షికతకు ఇంతకన్నా ఏం కావాలని అధ్యక్షులు అభిప్రాయపడ్డారు.)

"ఇంజనంటే ఇంజనే బావా," అన్నాడు జగ్గారావు చొక్కా చేతులు మడుస్తూ. "దీని తాతల్ని ఇప్పి బిగించినాను. ఇదెంత, బచ్చా!"

ఇంజను విప్పారు. విప్పడంలో ఎవరూ ఏ తప్పూ చేయలేదు. విప్పడం ఎప్పుడూ అంతే. విప్పిన భాగాలకు వసతి కావలసి వచ్చింది. అధ్యక్షులు వంటింట్లోకి వచ్చారు.

"కాంతం, పోపులపెట్టె ఖాళీ చెయ్యి."

"నట్లకి డబ్బా ఇత్తానండీ. పోపులపెట్టెలో పోపులుంతాయి."

"డబ్బాలో అన్నీ కలిసిపోతాయి. పోపులపెట్టెలో శాఖలున్నాయి."

"మరి ఆవాలెక్కడెట్టమంతారు?"

"ఆవాలకు తాత్కాలిక బదిలీ," అన్నారు గణపతిరావుగారు.

అలా పెద్ద నట్లు ఆవాల గిన్నెలోకీ, చిన్న నట్లు జీలకర్ర గిన్నెలోకీ, వాషర్లు మెంతుల గిన్నెలోకీ చేరాయి. వాల్వులు ఇడ్లీ రేకుల్లో ఒక్కో గుంటకు ఒక్కోటి చొప్పున ఆసీనమయ్యాయి. స్ప్రింగులు జంతికల గొట్టంలో విశ్రమించాయి. కాంతం మిగిలిన ఒక్క గిన్నెలో ఉప్మా చేసింది. మరునాడూ ఉప్మాయే చేసింది. సంఘం సభ్యులు రుచి చూసి, ఉప్మాలో ఏదో గ్రీజు వాసన వస్తున్నదని ఏకగ్రీవంగా గుర్తించారు. బాధ్యత వంటశాఖ మీద మోపారు.

తిరిగి బిగించడం శాస్త్రీయంగా సాగింది. ఎవరి భాగం వారిది; ఒకరు బిగించినదాన్ని మరొకరు చూడరాదు. చూస్తే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు "నువ్వూ చూశావు కదా" అనే మాట పడవలసి వస్తుంది. జగ్గారావు బిగిస్తున్నప్పుడు సన్యాసిరావు బొప్పాయి చెట్టువైపు తిరిగి నిలబడేవాడు. సన్యాసిరావు పైపు తొడుగుతున్నప్పుడు జగ్గారావు అరచేతిలో ఖైనీ పొగాకు నలుపుకొంటూ ఆకాశాన్ని పరీక్షించేవాడు. అధ్యక్షులు ఇద్దరివైపూ వీపు పెట్టి పర్యవేక్షించేవారు.

చివరికి నాలుగు తీగలు మిగిలాయి.

ఆ ఇంజనులో సిలిండర్లు నాలుగు, ఒకదాని పక్కన ఒకటి వరుసగా. ఒక గుండ్రటి మూతనుండి ఒక్కో సిలిండరుకు ఒక్కో తీగ వెళ్ళాలి. మూతలోపల నిప్పురవ్వ గుండ్రంగా తిరుగుతూ తీగ తరవాత తీగను తాకుతుంది. ఏ తీగ ఏ సిలిండరుకు తగిలిస్తే, ఆ వరుసలో అవి మండుతాయి. ఆ వరుస ఏమిటో తయారుచేసినవారే ఇంజను పక్కన ఇనుములో పోతపోసి పంపారు. జగ్గారావు గుడ్డతో తుడిచి చదివాడు.

"ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇదేటి బావా? ఒకటి తరవాత మూడేటి? రెండేమైపోనాది?"

సన్యాసిరావు వంగి చూశాడు. "బోగీలకి ఇలగ నెంబర్లేత్తే పాసింజర్లు ప్లాట్‌ఫారం మీద కొట్టుకు సత్తారు."

గణపతిరావుగారు కళ్ళజోడు పెట్టుకొని పరిశీలించారు. "రెండవది ఉన్నది. చివరికి నెట్టారు."

"ఏం తప్పు సేసిందని?"

"చార్జిషీటు ఏదీ కనబడదు."

జగ్గారావు గుడ్డ కింద పడేశాడు. ఇది అర్థం కావాలంటే జగ్గారావు చరిత్ర ఒక్క ముక్క తెలియాలి. షెడ్డులో మేస్త్రీ ఉద్యోగం ఖాళీ అయినప్పుడు వరుసలో ఉన్నది జగ్గారావు. ఉద్యోగం వచ్చినది జగ్గారావు వెనకవాడికి, ఆ పైన వెనకవాడి వెనకవాడికి. కారణం అడిగితే, కారణం పరిశీలనలో ఉన్నదన్నారు. ఆనాటినుండి జగ్గారావు క్యూలో ఎక్కడ నిలబడ్డా తన ముందు వెనకలను వేళ్ళతో తాకి చూసుకొనేవాడు.

"అన్నాయం," అన్నాడు జగ్గారావు. "నోరు లేని ఇనపముక్కని సేసి రెండోదాన్ని ఆఖరికి తోసేత్తారా? నా కళ్ళ ముందర? నా సేతుల్తోనా? నానలగ బిగించను బావా. సస్పెండు సేసినా బిగించను."

"ఆవేశం వద్దు," అన్నారు గణపతిరావుగారు. "ఇది స్పష్టంగా లేఖక దోషం."

టీ గ్లాసులు తెచ్చిన కాంతం ఆగింది. "తయారుసేసినోల్లు ఊరికే రాత్తారేటండీ?"

"తయారుచేసినవారు స్వయంగా రాయరు కాంతం. గుమాస్తాల చేత రాయిస్తారు. గుమాస్తాల సంగతి నాకు తెలుసు."

ఆయన సుద్దముక్క తెప్పించి, ఇనుములో పోతపోసిన అంకెల మీద అడ్డంగా గీత కొట్టి, పైన 1 2 3 4 అని ముత్యాల్లా రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు. తీగలు సీనియారిటీ ప్రకారం తగిలించబడ్డాయి. జగ్గారావు రెండవ సిలిండరును గుడ్డతో ప్రత్యేకంగా మరోసారి తుడిచాడు.

సన్యాసిరావు పచ్చజెండా ఊపాడు. జగ్గారావు ముందునుండి హ్యాండిలు తిప్పాడు. ఇంజను మొదట ఏమీ అనలేదు. రెండోసారి తిప్పితే లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టయింది. మూడోసారికి వెనక గొట్టంలోంచి ఢామ్మని ఒక నల్లటి మేఘం వెలువడి, తీగ మీద ఆరుతున్న కాంతం పసుపుపచ్చ చీరను బొగ్గు రంగుకు మార్చి, ప్రహరీ దాటి వెళ్ళిపోయింది. కాకులు లేచిపోయాయి. ఇంజను మళ్ళీ కదలలేదు.

"ఓలమ్మో, నా సీర!" అంది కాంతం.

ఈ స్థితిలో అడవి మనిషి అయితే ఏం చేసేవాడో మొదటే చెప్పుకున్నాం. గణపతిరావుగారు మాత్రం రెండు చేతులూ చాపి అందరినీ వెనక్కు నెట్టారు. "ఎవరూ ముట్టుకోవద్దు! ఇది ఇక కారు కాదు. సంఘటనా స్థలం."

కారు చుట్టూ సుద్దతో గీత గీశారు. వాల్వులు పెట్టిన ఇడ్లీ రేకులూ సాక్ష్యాలుగా గీతలోపలికి చేరాయి. ముందొక ఎర్రజెండా, వెనకొక ఎర్రజెండా పాతారు. సన్యాసిరావు తన పెట్టెలోంచి పటాకాలు తెచ్చాడు. ముందు ప్రమాదం ఉన్నదని డ్రైవరుకు చెప్పడానికి పట్టాల మీద కట్టే పేలుడు బిళ్ళలవి; బండి చక్రం ఎక్కితే పేలుతాయి. ఆయన వాటిని పెరటి గేటు బయట, బాటకు అడ్డంగా, నిబంధనల ప్రకారం దూరం అడుగులతో కొలిచి అమర్చాడు. (కదలని బండికి ఎదురుగా ఏ బండి వస్తుందని పటాకాలు పెట్టారని కాంతం అడిగింది. ఆ ప్రశ్న విచారణ పరిధిలోకి రాదని తేలింది.)

"తీగలు అటూ ఇటూ మార్చి సూత్తే పోతాది కదండీ," అంది కాంతం ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ.

గణపతిరావుగారు జాలిగా చూశారు. "మారిస్తే తప్పు పోతుంది."

"పోవాలనే కదా!"

"తప్పు పోతే విచారణ దేని మీద జరపాలి? నేర్చుకోవాలంటే తప్పు కళ్ళ ఎదుట ఉండాలి కాంతం. పిల్లవాడికి పాఠం చెప్పడానికి ముందు పుస్తకం తగలబెడతామా?"

కాంతం మజ్జిగ పోసింది. ఇటువంటి మాటలకు జవాబు తోచకపోవడం చేతనే దేశంలో ఇన్ని సంఘాలు నిరాటంకంగా నడుస్తున్నాయి.

విచారణ వరండాలో జరిగింది. మాంగో అనే పేట బజారునుండి ప్రత్యేకంగా బిస్కెట్లు వచ్చాయి. యంత్ర విభాగం తన వాంగ్మూలంలో, ఇంజను అన్ని విధాలా సవ్యంగా ఉన్నదనీ, పచ్చజెండా ఊపిన తీరులో కొంత ఉదాసీనత కనబడిందనీ పేర్కొంది. రక్షణ విభాగం, జెండా నిబంధనల ప్రకారమే ఊపబడిందనీ, హ్యాండిలు తిప్పినవారి శ్వాసలో ఖైనీ ఉన్నదనీ తెలిపింది.

"ఖైనీకీ ఇంజనుకీ ఏటి సమ్మందం బే?" అని లేచాడు జగ్గారావు.

"జెండాకీ ఇంజనుకీ ఏటి సమ్మందమో ముందు సెప్పు!"

"సాక్షిని ప్రవేశపెట్టండి," అన్నారు అధ్యక్షులు.

సాక్షి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సంఘటన జరిగినప్పుడు మీరెక్కడ ఉన్నారు?"

"మీ ఎనకాలే ఉన్నానండీ."

"అధ్యక్షుల వెనక ఏమున్నదో అధ్యక్షులకు తెలియదు. అప్పుడు చీర రంగు?"

"పసుపు."

"తరవాత?"

"మీరే సూసినారు కదా! నలుపు."

"అంటే సాక్షి సమక్షంలో చీర రంగు మారింది," అని గణపతిరావుగారు పైకి అంటూ రాసుకున్నారు. "సాక్షి దాన్ని ఆపే ప్రయత్నం చేయలేదు."

చివరకు, తీగల వరుస విషయంలో ఏ దోషమూ లేదనీ (దానికి అధ్యక్షుల సంతకం ఉన్నది), పెట్రోలు తగినంత సహకరించలేదన్న అనుమానం బలంగా ఉన్నదనీ ముసాయిదా తయారైంది. సంతకం దగ్గర ఇద్దరు సభ్యులూ కలం మూత తీసి, ఒకరినొకరు చూసుకొని, మూత పెట్టేశారు. ముందు సంతకం చేసినవాడి మీదికే తప్పు వస్తుందని ఇద్దరికీ తెలుసు. మరునాడే విశ్వకర్మ పూజ. ఆ రోజు పనిముట్టు ముట్టరాదు. అందుచేత సభ వాయిదా పడింది.

"మరి నాన్న రేపే దిగుతాడు కదండీ?" అంది కాంతం.

"విచారణలో ఉన్న ఆస్తిని తుక్కుకు ఇవ్వడం నేరం. మీ నాన్నగారికి చెబుతాను."

"నాన్న ఇంటాడా?"

గణపతిరావుగారు కాగితాలు కట్ట కట్టారు. మామగారు ఎవరి మాటా వినరన్నది విచారణ అవసరం లేని వాస్తవాలలో ఒకటి.

విశ్వకర్మ పూజనాడు ఆ ఊరి సంగతి చెప్పనక్కరలేదు. స్క్రూడ్రైవరు మొదలు క్రేను దాకా బొట్టు పెట్టించుకోని ఇనుము ఉండదు. రిక్షాలకు మామిడాకులు, లారీలకు అరటి పిలకలు, షెడ్డులో మైకులు, బూందీ పొట్లాలు. మగవాళ్ళంతా పొద్దున్నే షెడ్డుకు వెళ్ళారు. అక్కడ ప్రసాదం పుచ్చుకొని, అటునుండి అటే స్టేషనుకు పోయి, సీతారామరావుగారిని తీసుకురావాలని ఏర్పాటు.

కాంతం ఇంటి వెనక వసారాలో చలిమిడికి బియ్యం దంపుడు. (రోకలి ఆడవాళ్ళది కనుక పనిముట్టు కింద లెక్క కాదు.) ఒకే రోలు, చుట్టూ నలుగురు ఆడవాళ్ళు, నాలుగు రోకళ్ళు. కాంతం పక్కన జగ్గారావు భార్య పైడితల్లి, ఎదురుగా నూకాలమ్మ అనే కొత్త పెళ్ళికూతురు, ఆ పక్కన నూకాలమ్మ అత్తగారు. నూకాలమ్మకు దంపుడు కొత్త. తన పక్కావిడ రోకలి లేచిందో లేదో, తనది దించేది. రోకళ్ళు ఠక్కున కొట్టుకొనేవి, బియ్యం చెదిరేవి.

"అలక్కాదే గుంటా!" అంది పైడితల్లి. "పక్కదాని ఎనకాలే దిగిపోతే కుదురుగా పడతాయేటి? వరసంటే పక్కనున్నది కాదు. సోటు కాలీ అయ్యేదెప్పుడో సూసుకుని దిగాల."

నూకాలమ్మ తప్పింది, నవ్వింది, మళ్ళీ దించింది. మళ్ళీ తప్పింది. అత్తగారు ఆ రోకలి చప్పుడుకు "హుఁ" అంటూ లయ కలిపింది. కాసేపటికి నాలుగు రోకళ్ళూ ఒకదాన్నొకటి తాకకుండా, ధిం ధిం ధిం ధిం అని, ఒకే మనిషి నాలుగు చేతులతో దంపుతున్నట్టు పడసాగాయి. నూకాలమ్మ ఎన్నిసార్లు తప్పిందో ఎవరూ రాసుకోలేదు. చెదిరిన బియ్యాన్ని కోళ్ళు తిన్నాయి.

కాంతం రోకలి ఆపింది. ఆమె చూపు సుద్దగీతలోపల ఉన్న కారు మీద పడింది.

నూకాలమ్మనూ అత్తగారినీ చలిమిడితో సాగనంపాక, కాంతం పైడితల్లి చెయ్యి పట్టుకొని పెరట్లోకి నడిచింది. ఎర్రజెండాకు నమస్కారం పెట్టి గీత దాటింది.

"ఓలమ్మ! ఇయాల పనిముట్టు ముట్టుకోకూడదే!" అంది పైడితల్లి.

"ముట్టుకోను. తీగలు సేత్తోనే ఊడతాయి. సెయ్యి పనిముట్టేటి?"

"హ్యాండిలో?"

కాంతం ఒక్క క్షణం ఆలోచించింది. విచారణల గుమాస్తాతో కాపురం చేసిన మనిషి ఊరికే పోదు. "హ్యాండిలు బండితోపాటే పుట్టింది. బండిలో బాగం. పనిముట్టంటే బయటినించి వచ్చింది."

పైడితల్లికి ఈ తీర్పు నచ్చింది. కొంగు బిగించి హ్యాండిలు అందుకుంది. రోకలి పట్టిన చెయ్యి. దానికి హ్యాండిలు ఒక లెక్కలోది కాదు.

కాంతం ఒకటో తీగను అలాగే ఉంచింది. తక్కిన మూడూ ఊడదీసింది. నాలుగోదాన్ని ఒకటోదాని వెనకాల వేసి, మిగిలిన రెండూ తోచినట్టు తగిలించింది. పైడితల్లి తిప్పింది. ఢాం! పైడితల్లి బొప్పాయి చెట్టు వెనక తేలింది. వెనక వీధినుండి ఎవరో ముసలాయన కేకేశాడు: "ఏటా సప్పుడు?"

"సన్నాసన్నయ్య పటాకా బాబూ! ఏ మేకో తొక్కుంతాది!" అని కేకేసింది పైడితల్లి చెట్టు వెనకనుండే.

"ఇలగ కాదన్నమాట," అంది కాంతం. ఇదే ఆమె మొదటి విచారణ నివేదిక, పూర్తి పాఠం.

ఈసారి ఒకటోదాని వెనక మూడోదాన్ని వేసింది. ఆ తరవాత రెండు, చివర నాలుగు. పైడితల్లి తిప్పింది. ఇంజను పేలలేదు. దగ్గింది. కుంటుతూ, వణుకుతూ, చలిజ్వరం వచ్చినవాడు మంచం దిగినట్టు నాలుగడుగులు వేసి కూలబడింది. పోపులపెట్టె వంటింట్లో గలగలమంది.

"ఆగిపోనాదే!" అంది పైడితల్లి.

"సగం నిలబడింది సూసినావా? ఒకటీ మూడూ కుదిరినాయి. ఎనకాలోల్లిద్దరే కొట్టుకుంతన్నారు." కాంతం చివరి రెండు తీగలనూ ఒకదాని చోట ఒకటి మార్చింది. "నాలుగు ముందర. రెండు ఆకర్ని. మల్లా తిప్పు."

పైడితల్లి తిప్పింది.

ఇంజను లేచింది. ధిం ధిం ధిం ధిం, తడబాటు లేకుండా, రోటి చుట్టూ నలుగురు కుదిరినట్టు. బొప్పాయి ఆకులు ఊగాయి. సుద్దపొడి ఎగిరింది. పైడితల్లి రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకొని, "ఓలప్పో, ఓలప్పో," అంటూ కారు చుట్టూ తిరిగింది. కాంతం కొంగుతో ఇంజను పక్కనున్న మసి తుడిచింది. మసితోపాటు సుద్ద పోయింది. సుద్దకింద ఇనుములో పోతపోసిన అంకెలు మెరిశాయి: 1 3 4 2.

"సూడు పైడమ్మా," అంది కాంతం. "ముందే రాసుంచినారు, పాపం."

సరిగ్గా అప్పుడు ప్రహరీ మలుపులో బూందీ పొట్లాలతో సంఘం ప్రవేశించింది. మధ్యలో ట్రంకుపెట్టెతో సీతారామరావుగారు. చప్పుడు విని నలుగురూ ఆగిపోయారు. సన్యాసిరావు అలవాటుకొద్దీ, ఇంకేమీ దొరకక, భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి అడ్డంగా ఊపాడు. ఇంజను పట్టించుకోలేదు.

గణపతిరావుగారు గీతదాకా వచ్చి, గీత బయటే నిలబడ్డారు.

"సంఘటనా స్థలాన్ని ఎవరు ముట్టుకున్నారు?"

ఈ ప్రశ్నను ఆయన ఉద్యోగంలో ఎన్నోసార్లు శుభ్రప్రతి రాశారు. దాని తరవాత ఏం వస్తుందో ఆయనకు కంఠతా తెలుసు: తాను సెలవులో ఉన్నానని ఒకరు, అది తన పరిధి కాదని ఒకరు, మౌఖికంగా చెప్పారని ఒకరు. ఆయన వాటికోసం చెవి ఒగ్గారు.

"నానేనండీ," అంది కాంతం.

గణపతిరావుగారు జగ్గారావు వైపు చూశారు. జగ్గారావు సన్యాసిరావు వైపు చూశాడు. అడిగిన మొదటిసారికే "నేనే" అన్న మనిషిని ఆ ముగ్గురిలో ఎవరూ ఎన్నడూ చూసి ఉండలేదు. అటువంటివారితో ఏం చేయాలో ఏ నిబంధనలోనూ లేదు. "ఇంకెవరైనా ఉన్నారా?" అన్నారు గణపతిరావుగారు చిన్న ఆశతో.

"హ్యాండిలు నాను తిప్పినాను బాబూ," అంది పైడితల్లి.

జగ్గారావు మాత్రం ఇంజను దగ్గరికి వెళ్ళి, తీగలను వేలితో తాకుతూ పోల్చుకున్నాడు. ముఖం ముడుచుకుంది. "వొదినా, రెండోదాన్ని మల్లా ఆకర్ని తోసేసినావేటి?"

"ఆకరేటి జగ్గన్నా? గుండ్రంగా కదా తిరుగుతాది. రెండోదాని తరవాత మల్లా ఒకటోదే. దానికి ముందెవరు, ఎనకెవరు?"

జగ్గారావు ఆ గుండ్రటి మూత చుట్టూ వేలు తిప్పాడు. "నా మేస్త్రీ ఉద్యోగం కూడా అలగే తిరిగొత్తాదంతావా?"

"మీ షెడ్డు గుండ్రంగా ఉందేటి?"

"నేదు. పొడుగ్గా ఉంది," అన్నాడు జగ్గారావు.

ఈలోగా సీతారామరావుగారు ట్రంకుపెట్టె దించి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఆవిరి కొలత చూసే గడియారం కోసం వెతికి, దొరకక, బానెట్ మీద చెయ్యి ఆనించారు. ఆ చేతికి ఇంజను వణుకు తెలిసింది. ఆయన కూతురి వైపు చూశారు. కూతురి ముఖమంతా మసి. డ్యూటీ దిగి ఇంటికి వచ్చిననాటి తన ముఖంలాగే ఉన్నది. ఆయన డోరు తీసి పట్టుకున్నారు.

"ఎక్కు డ్రైవరుగారూ," అన్నారు.

కాంతం ఎక్కింది. డోరు వేసుకుంది. డోరు బాగానే పడింది. ఆ సంగతి ఆమెకు ఎప్పటినుండో తెలుసు. సీతారామరావుగారు పక్కన కూర్చున్నారు. విజిలు కొట్టమన్నారు, కాంతం హారను నొక్కింది. క్లచ్చి మెల్లగా వదలమన్నారు, మెల్లగానే వదిలింది. బండి ఒక గెంతు గెంతి, ఆగి, పైడితల్లి మళ్ళీ హ్యాండిలు తిప్పితే మళ్ళీ లేచి, ఈసారి గెంతకుండా కదిలింది. సుద్దగీత మీదుగా, ఎర్రజెండాను పక్కకు ఒరిగించి, గేటు దాటి బాట మీదికి వెళ్ళింది. సన్యాసిరావు పటాకాలు చక్రాల కింద ఒకదాని తరవాత ఒకటి ఢాం ఢాం అని పేలాయి.

"ఆపమ్మా, ఆపు! పటాకా పేలితే బండి ఆపాల! రూలు!" అని అరిచారు సీతారామరావుగారు.

"నాను రూల్సు సదవలేదు నాన్నా!" అంది కాంతం. బండి వెళ్ళిపోయింది. మలుపు దాటేదాకా ఆమె నవ్వు ఇంజను చప్పుడుకంటే పైకి వినబడింది.

విచారణ మాత్రం ఆగలేదు; ఆగడానికి దానికి బ్రేకులు లేవు. ఇక్కడ ఒక చిన్న మార్పు వచ్చింది. తప్పు మోయడానికి ఒక మనిషి దొరికింది కనుక, సభ్యులిద్దరూ ఉత్సాహంగా సంతకాలు చేశారు. సాక్ష్యాన్ని నాశనం చేసినందుకూ, ఒక తప్పును తగిన అనుమతి లేకుండా సరిదిద్దినందుకూ కాంతం బాధ్యురాలని తీర్మానం. శిక్షగా సంఘ సభ్యులను ప్రతి ఉదయమూ డ్యూటీ దగ్గర దింపవలసిందని ఆదేశం. కాంతం ఆ శిక్షను ఒక్క పూట కూడా ఎగవేయలేదు. జగ్గారావు ఎప్పుడూ ముందు సీటులోనే కూర్చునేవాడు. ఇడ్లీ రేకులు వంటింటికి తిరిగి వచ్చాయి. (వాటిలో వేసిన ఇడ్లీలను ఎవరూ విచారించలేదు.)

తుది నివేదికను గణపతిరావుగారు వెనక సీటులో, మోకాళ్ళ మీద పెట్టుకొని, స్టేషను రోడ్డు గుంతల మధ్య శుభ్రప్రతి రాశారు. అన్ని గళ్ళూ నిండాయి. "ఈ తప్పు నుండి నేర్చుకున్న పాఠం" అన్న చివరి గడి దగ్గర ఆయన కలం చాలాసేపు ఆగింది. ముందు సీటులో కాంతం గేరు మార్చబోయి తప్పి, నాలుక కరుచుకొని, మళ్ళీ మార్చింది. గణపతిరావుగారు కళ్ళజోడు సర్దుకొని, ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాశారు: "తప్పు సరిదిద్దబడినందున, నేర్చుకొనుటకు ఏమియు మిగలలేదు."